నకిలీల అర

పరుగు!

వాన... చీకటి... ఇరుకు సందు.

భూతద్దం పరిగెత్తుతున్నాడు. చంకలో సంచి. సంచిలో హెల్మెట్. వెనక రెండు జతల బూట్లు నీళ్ళు చిమ్ముకుంటూ వస్తున్నాయి.

నలభై దాటి, పొట్ట ముందుకొచ్చిన మనిషి పరిగెత్తాల్సిన పరుగు కాదిది. ఊపిరి ఈల వేస్తోంది. మెడలో వేలాడే భూతద్దం ఛాతీ మీద టకటకా కొట్టుకుంటోంది.

ఆ అద్దం వల్లే అతనికా పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు బ్యాంకువాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అద్దానికో జిడ్డు నల్ల పట్టీ, పట్టీ కొసకి తోలు తొడుగు, తొడుగుకి తాడు. స్నానానికి తప్ప మెడలోంచి తీయడు.

కుడివైపు తిరిగాడు... అక్కడ మూడోవాడు అడ్డంగా నిలబడి ఉన్నాడు!

ఎడమకి మళ్ళాడు. చెత్త డబ్బా తగిలింది. పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. సంచి మాత్రం వదల్లేదు. పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

లే!

లేచాడు. మళ్ళీ పరుగు.

సంచిలో ఉన్నది చచ్చిపోయిన మనిషి హెల్మెట్.

ఆ మనిషి అతని తమ్ముడు.

చిన్నోడు.

•

భూతద్దం పని ఆటగాళ్ళ పాత సామాను చూడటం. ఈ బ్యాటు ఆ మ్యాచ్‌దేనా? ఈ చొక్కా మీద చెమట ఆ మనిషిదేనా? చూస్తాడు. వాసన పీలుస్తాడు. పాత ఫొటోలు పక్కన పెట్టుకుని గీతకి గీత, మరకకి మరక పోలుస్తాడు. అతను ఒరిజినల్ అంటే వేలంపాటలో రేటు ఎక్కడికో పోతుంది. నకిలీ అంటే తుడుచుకునే గుడ్డ.

ఈ సాయంత్రం వేలం కంపెనీ ఓనరు ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చూసి చెప్పు భూతద్దం. కొరియర్‌లో వచ్చింది. పంపినవాడు పేరు చెప్పడట. ఎవరో బైక్ రేసర్ హెల్మెట్. చచ్చినోడిది. ఒరిజినల్ అయితే మన పంట పండినట్టే."

ఈ వ్యాపారం అంతే. గెలిచినవాడి హెల్మెట్ వాడింట్లో అద్దాల బీరువాలో దుమ్ము పట్టి ఉంటుంది. చచ్చినవాడిదైతే జనం ఎగబడి కొంటారు. పగులుంటే రేటు ఎక్కువ. నెత్తురు మరకుంటే ఇంకా ఎక్కువ. ఎవడూ కడగడు... కడిగితే విలువ పోతుంది. బతికున్నప్పుడు పట్టించుకోనోళ్ళు కూడా, మనిషి మరక అయ్యాక బేరానికి వస్తారు.

పెట్టె తెరిచాడు.

ఎర్ర హెల్మెట్. తెల్ల గీత. పక్కన వంకరగా అంటించిన ఏడో నంబరు.

వేలితో ఆ ఏడుని తడిమాడు.

ఆ ఏడు అంటించింది తనే. చిన్నోడు వెనక నిలబడి "అన్నయ్యా, వంకర పోయింది" అన్నాడు. "నీ బతుక్కి అదే స్ట్రెయిట్" అన్నాడు తను.

పన్నెండేళ్ళ కిందట రేసులో మలుపు దగ్గర చిన్నోడు పడ్డాడు. హెల్మెట్ ఎగిరి ఎటో పోయింది. తల రోడ్డుకి కొట్టుకుంది. రేసుల బోర్డువాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేశారు. 'పట్టీ పెట్టుకోలేదు. రైడర్ నిర్లక్ష్యం.'

నిర్లక్ష్యం!

వాళ్ళ నాన్న ఆ ఒక్క మాట పట్టుకుని మంచం ఎక్కాడు. మళ్ళీ దిగలేదు.

ఆసుపత్రిలో నర్సు ఇచ్చిన బట్టల మూటలో, చిన్నోడి కాలర్లో ఇరుక్కుని బెత్తెడు పట్టీ ముక్క దొరికింది భూతద్దానికి. హెల్మెట్ పట్టీ. పెట్టుకోకపోతే కాలర్లోకి ఎలా వస్తుంది? పైగా కొస తెగిన తీరు చూస్తే... చాలామేర నున్నగా కోసినట్టుంది. చివర కాస్త మాత్రం పీచులు లేచి ఉంది.

ఎవరో కోశారు. సగం పైగా కోసి వదిలేశారు.

బోర్డువాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు. "ఈ ముక్క దేనిదో మాకేం తెలుసు? హెల్మెట్ తీసుకురా. రెండూ కలిస్తే చూద్దాం" అన్నారు. హెల్మెట్ లేదు. ట్రాక్ మీంచి ఎవరో ఎత్తుకుపోయారు.

అందుకే ఈ పనిలో చేరాడు. చచ్చినవాళ్ళ సామాను ఎప్పటికైనా అమ్మకానికి వస్తుంది. చిన్నోడి హెల్మెట్ కూడా వస్తుంది. వచ్చిన రోజు తన చేతిలోనే పడాలి.

ఇవాళ పడింది.

పాత ఫొటోలు బయటికి తీశాడు. గీతకి గీత కలిసింది. గడ్డం దగ్గర పెచ్చు కలిసింది. వెనక అంచున షెడ్డు గోడ కొక్కేనికి తగిలి పడ్డ నొక్కు... ఏ ఫొటోలోనూ లేని నొక్కు... అది కూడా ఉంది! ఎడమవైపు పట్టీ మొదట్లోనే తెగి ఉంది. కొస నున్నగా ఉంది.

అంతే. హెల్మెట్‌ని సంచిలో దూర్చాడో లేదో కరెంటు పోయింది.

తలుపు బద్దలైంది. ఇద్దరు లోపలికి దూకారు. ఒకడు సంచి మీద చెయ్యి వేశాడు. రెండోవాడు అరిచాడు.

"హెల్మెట్ కాదురా, పట్టీ... వాడి దగ్గర పట్టీ ఉందేమో చూడు."

భూతద్దం కుర్చీ ఎత్తి కొట్టాడు. సంచితో కిటికీలోంచి దూకాడు.

అప్పటినుంచీ పరుగు.

•

మూసేసిన కొట్టు చూరు కింద నక్కాడు. బూట్ల చప్పుడు ముందుకి పోయింది.

బుర్ర పనిచేస్తోంది.

పట్టీ!

తన దగ్గర పట్టీ ముక్క ఉందని వాళ్ళకెలా తెలుసు?

బోర్డువాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు. పోయిన నెల పాత ఛాంపియన్ ఒకడు చావుబతుకుల్లో నోరు విప్పాడు... ఆ రేసులో పందేలు నడిచాయని. పోలీసులు కేసు మళ్ళీ తెరిచారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు వేరే రకం. "ఏ చిన్న ఆధారమైనా చాలు, మిగతాది ల్యాబ్ చెప్తుంది. ఏముంటే అది తీసుకురా" అన్నాడు. ఏం తెస్తున్నాడో ఆఫీసరుకి కూడా చెప్పలేదు భూతద్దం. రేపు ఇవ్వాలి.

చెప్పింది ఒక్క చోటే. నిన్న అక్క ఇంట్లో, భోజనాల దగ్గర.

అక్క విన్నది. బావ విన్నాడు. ఇంకెవరూ లేరు.



ఇద్దరిలో ఎవరు?

అక్క చిన్నోణ్ణి ఎత్తుకుని పెంచింది. బావ ఆ టీములో మెకానిక్. చిన్నోడికి బండెక్కడం నేర్పినవాడు. శవాన్ని భుజం మీద మోసినవాడు.

వస్తువులైతే అద్దం పెట్టి చూస్తాడు. మనుషుల్ని ఎలా చూడాలి?

ఒకటే దారి. ఎర వెయ్యాలి. తన వాళ్ళకి తనే. ఛీ!

ఫోన్ తీశాడు.

"అక్కా."

"ఏంట్రా, ఎక్కడున్నావ్? గొంతు అలా ఉందేంటి?"

"నా గది తాళం నీ దగ్గరుందిగా. వెళ్ళు. గోడకి నేను పట్టుకున్న నకిలీల అర ఉంటుంది. కింద వరసలో ప్లాస్టిక్ కవర్లో నల్ల పట్టీ ముక్క ఉంది. తీసుకెళ్ళి ఆఫీసరుకి ఇచ్చెయ్యి. ఇప్పుడే. ఇంకెవరికీ ఇవ్వకు."



"చిన్నోడి పట్టీ అక్కడ పెట్టావా? ఆ చెత్తలో?"

"నకిలీల్ని ఎవడూ దొంగతనం చెయ్యడక్కా."

"...సరే."

ఫోన్ పెట్టేశాడు. ఒకటి అయింది. ఇక రెండోది.

సందు చివర మళ్ళీ బూట్లు!

కుడి దారి మూసుకుపోయింది. వెనక దారి మూసుకుపోయింది. ఎడమ దారి ఖాళీ. అది బావ గ్యారేజీకి పోయే దారి.

పరుగు!

•

గ్యారేజీ మీద పెద్ద బోర్డు. 'ముందు హెల్మెట్... తర్వాతే బండి.' బావ ఇప్పుడు ట్రాక్ సేఫ్టీకి పెద్ద. కుర్రాళ్ళకి క్లాసులు చెప్తాడు.

షటర్ సగం ఎత్తి ఉంది. దూరాడు.

"ఏరా బావమరిదీ, వానలో జాగింగా? షుగరొచ్చిందన్నాడా డాక్టరు?"

"షటర్ దించు బావా. వెనక పడ్డారు."

బావ గబగబా దించాడు. తువ్వాలు విసిరాడు. ఎక్కడ చూసినా స్పానర్లు, గొలుసులు, టైర్లు, గ్రీజు వాసన. బల్ల మీద గ్యాస్ టార్చి.

"మోచెయ్యి చూడు ఎలా అయిందో. కూర్చో. ముందు నీళ్ళు తాగు." బావ అతని మెడ వైపు చూసి మొహం చిట్లించాడు. "ఆ జిడ్డు పట్టీ ఇంకా మార్చలేదా? కొత్త గొలుసు ఇస్తాను మహాప్రభో అని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

"అలవాటైపోయింది బావా."

సంచి విప్పి హెల్మెట్ బల్ల మీద పెట్టాడు.

బావ దాని వైపు చూసి అలాగే నిలబడిపోయాడు. కళ్ళు తడిశాయి. చూసేవాడికి జాలేస్తుంది.

"చిన్నోడిదే."

"అలాగే ఉంది."

"కలిపి చూద్దాంరా. పట్టీ తెచ్చావా?"

ఎంత మామూలుగా అడిగాడు! ఉప్పు ఉందా అన్నట్టు.

"తెస్తాను. ముందు ఇది సరిగ్గా చూడనీ. ఇందాక టైం చాల్లేదు."

నిజానికి టైం కాదు, తప్పు తనది. ఏ హెల్మెట్ అయినా లోపలినుంచి మొదలుపెట్టాలి. పనిలో చేరిన కొత్తలో నేర్చుకున్న పాఠం అది. బయట ఎండా వానా తగుల్తాయి, లోపల మనిషి ఉంటాడు. ఇవాళ ఆ వంకర ఏడు కనబడగానే పాఠం మర్చిపోయాడు. అన్న చూశాడు, భూతద్దం చూడలేదు.

ఇప్పుడు చెయ్యి లోపలికి పెట్టాడు. ఎడమ చెవి దగ్గరికి.

మెత్తటి దిండు. నిండుగా ఉంది.

వేళ్ళు ఆగిపోయాయి!

చిన్నోడి ఎడమ చెవి మొగ్గలా ముడుచుకుని గట్టిగా ఉండేది. కుర్రతనంలో బండి మీంచి పడి అలా అయింది. ఏ హెల్మెట్ పెట్టుకున్నా ఒత్తుకునేది. లోపల దిండు ముట్టుకుంటే రేసులోంచి తీసేస్తారు, అది రూలు. అందుకని అన్నదమ్ములిద్దరూ వంటింట్లో తలుపేసుకుని, దిండు విప్పి, చెంచాతో లోపలి స్పాంజి తోడేసి, పైగుడ్డ మళ్ళీ అంటించారు. బయటికి ఏమీ తెలియదు. వేలు పెడితే గుంట.

అక్కకి తెలియదు. బావకి తెలియదు. తెలిస్తే మెకానిక్‌గా ఒప్పుకోడని దాచారు.

గుంట లేదు.

నకిలీ!

బుర్రలో ఒక్కొక్కటే పడుతున్నాయి. గీతలు ఫొటోలు చూసి గీకొచ్చు. కొక్కెం నొక్కు మాత్రం ఫొటోల్లో లేదు. అది పెట్టినవాడు ఆ షెడ్డులో ఆ హెల్మెట్‌ని చేత్తో పట్టుకున్నవాడే. పట్టుకున్నాడు గానీ, తలకి పెట్టుకోలేదు.

ఇంకొకటి. సందుల్లో ఆ ముగ్గురూ అన్ని దారులూ మూసి, ఒక్క దారి ఎందుకు వదిలారు?

తరమలేదు. తోలారు. గొడ్డుని దొడ్లోకి తోలినట్టు.

దొడ్డి ఇదే.

తలెత్తాడు.

బావ చేతిలో ఫోన్. "ఆ... వచ్చేశాడు. మీరింక వెళ్ళండి." బయట బళ్ళు స్టార్టయ్యాయి. దూరమయ్యాయి.

బావ రెండో చెయ్యి స్పానర్ల సొరుగులోకి పోయి బయటికి వచ్చింది.

పిస్టల్!

"ఎక్కడ తేడా కొట్టిందిరా?" అన్నాడు బావ. కోపం లేదు. పనివాడు పనివాణ్ణి అడిగినట్టు అడిగాడు. "నెల రోజులు గీకాను. వేళ్ళు పుళ్ళు పడ్డాయి."

"చెవి దగ్గర."

"చెవా?"

"నీకు తెలియదులే. అసలుది ఏమైంది?"

"ఆ రాత్రే కాల్చేశాను. దానికి పట్టీ ముక్క లేదు... ఉంటే నీ దగ్గరే ఉంటుందని, కేసు తెరవగానే ఈ ఎర గీకాను."

భూతద్దం కుర్చీలో కూలబడ్డాడు. పన్నెండేళ్ళు. రాని హెల్మెట్ కోసం పన్నెండేళ్ళు పక్కవాళ్ళ చెమట వాసన చూశాడు.

"ఎందుకు బావా?"

బావ బల్లకి ఆనుకున్నాడు.

"చంపాలని కాదురా. పట్టీ వేలాడుతూ కనిపిస్తే జెండా ఊపి రైడర్ని లోపలికి పిలుస్తారు. రేసు పోతుంది. అంతే. వాడు ఓడిపోతాడని పందెం కాశాను... ఆ రోజుల్లో అందరూ కాసేవాళ్ళు. తిన్నటి రోడ్డు మీద గాలికి తెగుతుందనుకున్నా. వాడు ముందే మలుపులో పడ్డాడు. లెక్క తప్పింది."

"లెక్క తప్పిందా."

"మరేమనమంటావ్?"

"ఏమీ అనకు. నిర్లక్ష్యం అని రాస్తుంటే కూడా ఏమీ అనలేదుగా. అలాగే ఉండు."

బావ మొహం గట్టిపడింది. "పట్టీ ఎక్కడ?"

"నా గదిలో. నకిలీల అరలో. అక్కకి చెప్పాను. ఈపాటికి ఆఫీసరు దగ్గరుంటుంది."

బావ నవ్వాడు!

"ఆఫీసరు దగ్గరా?" అన్నాడు.

పక్క తలుపు మీద టక్ టక్.

బావ పిస్టల్‌ని బల్ల మీద గ్రీజు గుడ్డ కిందకి తోశాడు. వెళ్ళి గడియ తీశాడు.

గొడుగు మూస్తూ లోపలికి వచ్చింది... అక్క.

చేతిలో ప్లాస్టిక్ కవరు.

•

ఒరిజినల్ అయితే బాగుండునని ఎన్నో వస్తువుల గురించి అనుకున్నాడు భూతద్దం. ఇంతగా ఎప్పుడూ అనుకోలేదు.

"అక్కా, నేను చెప్పింది ఇక్కడికి కాదు."

"తెలుసురా." ఆమె అతని వైపు చూడలేదు. కవరు మొగుడి చేతిలో పెట్టింది. "టార్చి వెలిగించండి."

గ్యాస్ బుస్సుమంది. నీలి మంట లేచింది.

బావ కవరులోంచి ముక్క తీశాడు. ఆమె దాన్ని లాక్కుని పటకారుతో పట్టుకుని తనే మంటలో పెట్టింది. నల్ల ముక్క ముడుచుకుంది. కారింది. బొట్టు బొట్టుగా రాలింది. గదంతా కంపు.

భూతద్దం కదల్లేదు.

"తిట్టరా," అంది అక్క. "తిడితే తిట్టు. ఒకణ్ణి మట్టిలో పెట్టాను. నిన్ను జైల్లో పెట్టమంటావా? ఆయన అంతా చెప్పాడు. ఆ పట్టీ నువ్వే కోసి బిగువు సరిచేశావట. నీ తప్పు వల్లే తెగిందట. ల్యాబ్‌కి పోతే నువ్వే దొరుకుతావట. మరి నువ్వేమో తెలివితక్కువ వెధవలా దాన్ని తీసుకెళ్ళి పోలీసులకే ఇస్తానంటావు."

అదీ సంగతి!

అక్క నకిలీ కాదు. అక్కకి నకిలీ అమ్మారు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపో, నవ్వో తెలియలేదు.

"అక్కా, నువ్వు కాల్చింది కూడా నకిలీయే."

బావ తల విసురుగా తిరిగింది.

"మా పనిలో అసలు సరుకు ఎప్పుడూ అరలో పెట్టం. చూపించడానికి ఒక నకలు చేసి పెడతాం. ఎవరి చెయ్యి దాని మీద పడుతుందో చూస్తాం." మెడలోంచి తాడు తీశాడు. గోటితో కుట్టు తెంపాడు. తోలు తొడుగు ఊడి పడింది.

నల్ల పట్టీ. బెత్తెడు. ఒక కొసన అద్దం వేలాడుతోంది. ఇంకో కొస... నున్నగా కోసిన కోత, చివర పీచు.

బావ నోరు తెరుచుకుంది. మొహాన నెత్తురు చుక్క లేదు. పన్నెండేళ్ళు తన భోజనాల బల్ల దగ్గర, తన పక్క కుర్చీలో ఊగిన పట్టీ. మార్చమని తనే పోరిన పట్టీ.

"వాడి మాట నమ్మకే," అన్నాడు బావ. "వాడికి పిచ్చి."

"నమ్మొద్దు," అన్నాడు భూతద్దం. "నన్నసలు నమ్మొద్దక్కా. ఆ బల్ల మీదున్న హెల్మెట్ చూడు. ఎప్పుడైనా చూశావా దాన్ని?"

ఆమె చూసింది. అప్పటిదాకా చూడలేదు. దగ్గరికి వెళ్ళింది. వంకర ఏడు మీద చెయ్యి వేసింది. తర్వాత చెయ్యి మెల్లిగా అంచు వైపు పోయింది.

"ఇది మన పెరటి వరండాలో గీకుతూ కూర్చున్నది కదండీ. పిల్లలు ముట్టుకుంటే కసిరారు."

"సేఫ్టీ క్లాసు కోసం అని చెప్పానుగా."

"చెప్పారు." ఆమె పట్టీ తెగిన కొస పట్టుకుంది. "క్లాసుకైతే చిన్నోడి నంబరు ఎందుకు? ఈ కోత ఎందుకు? ఇక్కడే కోసి ఉంటుందని మీకెలా తెలుసు?"

టార్చి బుస్సుమంటోంది.

"చంపాలని కాదే..." అన్నాడు బావ.

అంతే. ఆ ఒక్క మాట చాలు.

అక్క కళ్ళు ఎటో చూస్తున్నాయి. ఈ గదిలో లేదామె. ఎండలో, రేసు గ్యాలరీలో, జనం మధ్య ఉంది.

"ఆ రోజు నా పక్కన కూర్చున్నావు," అంది. పెళ్ళయినప్పటినుంచీ మొగుణ్ణి మీరనే పిలిచిన మనిషి. "ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నావు. ఎముకలు నొప్పెట్టేలా. నా తమ్ముడంటే నీకూ ఎంత ప్రాణమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ దాన్ని తల్చుకునే నీతో కాపురం చేశాను."

"అది కాదు..."

"వాడు పడకముందే పట్టుకున్నావు."

బావ చెయ్యి గ్రీజు గుడ్డ మీదకి దూకింది!

గుడ్డ కింద ఏమీ లేదు.

బయట ఆకాశం దద్దరిల్లేలా ఉరుము. ఆ ఉరుములోనే ఇంకో చప్పుడు.

ఢాం!

బావ రెండడుగులు వెనక్కి నడిచాడు. టైర్ల మీద కూర్చున్నాడు. ఏదో చెప్పబోయి, ఎవరికి చెప్పాలో తెలియనట్టు ఆగిపోయాడు. అలాగే ఉండిపోయాడు.

•

పిస్టల్ అక్క చేతిలో ఉంది. పటకారు తీసుకున్నప్పుడే గుడ్డ కింద చేతికి తగిలుంటుంది.

భూతద్దం వెళ్ళి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పి దాన్ని తీసుకున్నాడు.

"ఫోన్ చెయ్యరా. నేనే చెప్తాను."

"ఇంటికి పో."

"ఏంటి?"

"వెనక సందులోంచి పో. గొడుగు అడ్డం పెట్టుకో. పిల్లలు లేచి చూస్తే నువ్వు మంచం మీద ఉండాలి."

"నీకు అబద్ధం చెప్పడం రాదురా. చిన్నప్పుడు బెల్లం తిన్నా మూతి తుడుచుకునేవాడివి కాదు."

"చెప్పను. సర్టిఫికెట్ ఇస్తాను. అది నా పనేగా."

ఆమె కదల్లేదు. భుజాలు పట్టుకుని తలుపు వైపు తిప్పాడు.

"అక్కా, ఇప్పుడు నువ్వు దొరికితే పత్రికలవాళ్ళకి మొగుడూ పెళ్ళాల గొడవ అవుతుంది. చిన్నోడు పక్కకి పోతాడు, వాడిది నిర్లక్ష్యంగానే మిగులుతుంది. నేను దొరికితే ఎందుకు చంపావని అడుగుతారు. అడిగితే పట్టీ చూపిస్తాను. ఈసారి చూడక తప్పదు వాళ్ళకి."

"మరి నువ్వు?"

"నాకెవరున్నారు? అరలో నకిలీలు తప్ప."

అక్క అతని తల పట్టుకుని ఒక్కసారి తన భుజానికి నొక్కుకుంది. వెళ్ళిపోయింది. వాన ఆమె చప్పుడు మింగేసింది.

భూతద్దం పని మొదలుపెట్టాడు.

గ్రీజు గుడ్డతో పిస్టల్ అంగుళం అంగుళం తుడిచాడు. పటకారు తుడిచాడు. ఆమె తడి చెప్పుల గుర్తుల మీద బకెట్ నీళ్ళు తన్నాడు. హెల్మెట్ మీద ఆమె చెయ్యి పెట్టిన చోట రుద్దాడు. తలుపు గడియ రుద్దాడు. ఎవరో గీకిన నకిలీలు పట్టుకుంటూ బతికినవాడు. ఎక్కడ తప్పు చేస్తారో కంఠతా వచ్చు.

పిస్టల్ కుడిచేత పట్టుకున్నాడు. తన వేలిముద్రలు పడేలా గట్టిగా నొక్కాడు.

తర్వాత ఆ చెయ్యి దీపం కింద పెట్టి అద్దంలోంచి చూసుకున్నాడు.

శుభ్రంగా ఉంది!

ఇదే తప్పు. నకిలీని వస్తువు పట్టివ్వదు, మరక పట్టిస్తుంది. కాల్చిన చేతికి తుపాకీ మందు మరక ఉండాలి. లేకపోతే ల్యాబ్‌లో ఎవడో ఒక భూతద్దం నవ్వుకుంటాడు.

నకిలీ హెల్మెట్ తీసి బల్ల అంచున, బావ తలకి కాస్త పక్కగా నిలబెట్టాడు. ఒక తూటా గురి తప్పిందంటాడు. ఇంత పరిగెత్తినవాడి చెయ్యి ఆ మాత్రం వణకదా?

అద్దంతో సహా పట్టీని బల్ల మధ్యలో, దీపం కింద పరిచాడు. కోసిన కొస పైకి కనిపించేలా.

ఫోన్ తీశాడు.

"సార్, రేపు తెస్తానన్న వస్తువు... ఇవాళే తీసుకోండి. మా బావ గ్యారేజీలో ఉంది."

"ఈ వేళప్పుడా? ఏమైంది? మీ బావేడి?"

"నా ఎదురుగానే ఉన్నాడు."

"ఏయ్, నీ గొంతేంటి అలా ఉంది? ఏం చేస్తున్నావ్ అక్కడ?"

ఫోన్ కట్ చెయ్యలేదు. పట్టీ పక్కన పెట్టాడు. అందులోంచి ఆఫీసరు "హలో... హలో" అంటున్నాడు.

మెడ బోసిగా ఉంది. చల్లగా ఉంది. పన్నెండేళ్ళ బరువు పోతే మెడకి కూడా ఏదోలా ఉంటుందన్నమాట.

పిస్టల్ ఎత్తాడు. వంకర ఏడు మీద గురి పెట్టాడు.

ఇన్నేళ్ళలో ఒక్క నకిలీకి కూడా ఒరిజినల్ అని రాసివ్వలేదు. ఎందరు కాళ్ళు పట్టుకున్నా ఇవ్వలేదు. ఇదే మొదటిది.

సంతకం చేశాడు.

ఢాం!